అడగకుండా మూసే చెయ్యి

నిన్న పొద్దున మా ఇంటి పక్క ఖాళీ స్థలంలో బోరు వేయడం మొదలుపెట్టారు. కిటికీ మూసినా తడిమట్టి వాసన, దాని వెనకే కాలిన డీజిల్ వాసన గదిలోకి వచ్చేశాయి. నేల లోతుల్లోంచి వచ్చే మట్టికి వానకి తడిసిన పైమట్టిలా హాయైన వాసన ఉండదు. చల్లగా, కాస్త తుప్పు పట్టిన ఇనుములా, ఎన్నడూ వెలుగు చూడనిదాన్ని బలవంతంగా బయటికి లాగినట్టు ఉంటుంది. మా ఆవిడ విసుక్కుంటూ తలుపులన్నీ వేసింది. నేను మాత్రం చేతిలో టీ చల్లారిపోయేదాకా కిటికీ దగ్గరే నిలబడ్డాను. ఆ వాసన వచ్చిందంటే నాకు అప్పలస్వామి మాస్టారు గుర్తొస్తారు. సెలవు మీద రాయపూర్ వచ్చిన రోజుల్లోనైనా ఆయన్ని తలుచుకోకుండా ఉందామనుకుంటాను. తలుచుకుంటే అలసట కలుగుతుంది. ఆయన మోసిన బరువుని నేనూ ఒకసారి ఎత్తి దింపినట్టు ఉంటుంది.

మాస్టారంటే బడిపంతులు కాదు. నడిసముద్రంలో ఓడల మీద నిలబడి చమురు బావులు తవ్వేవాళ్ళకి, బావి అదుపు తప్పబోతే ఏం చెయ్యాలో నేర్పిన మనిషి. సముద్రం ఏ దిక్కునుందో కూడా ఎవరికీ పట్టని రాయపూర్‌లో, టాటీబంధ్ కూడలి దాటాక లారీ షెడ్ల మధ్య ఒక పాత గోదాములో ఆయన ఆ పాఠం చెప్పారు. విన్నవాళ్ళు నమ్మరు. నేనూ మొదటిరోజు నమ్మలేదు.

అది తొంభైల మధ్యకాలం. నేను మెకానికల్ డిప్లొమా చేసి, బోరు బళ్ళు బాగుచేసే వర్క్‌షాపులో పనిచేసేవాణ్ణి. రాయపూర్‌లో బోరు పని తెలిసిన కూలీలు పుష్కలంగా ఉంటారని, సముద్రపు ఓడలకి మనుషుల్ని సరఫరా చేసే ఒక కాంట్రాక్టు కంపెనీ ఇక్కడ శిక్షణ మొదలుపెట్టింది. నిజానికి కంపెనీకి తీరంలోనే పెట్టాలని ఉండేదట. మాస్టారు ఒప్పుకోలేదు. "పాఠం కావాలంటే సెప్తాను గాని, సముద్రం దగ్గరికి నాను మళ్ళీ రాను" అన్నారట. ఆయన తండ్రి బొబ్బిలి వైపు నుంచి రైల్వేలో ఫైర్‌మన్‌గా వచ్చి ఈ ఊళ్ళోనే గుఢియారీలో స్థిరపడినవాడు. మాస్టారు ఓడల మీద ఇరవై ఏళ్ళకి పైగా పనిచేసి, డ్రిల్లింగ్ పనంతటికీ పెద్దగా ఉండే టూల్‌పుషర్ దాకా ఎదిగి, ఒకరోజు అన్నీ వదిలేసి ఆ గుఢియారీ ఇంటికే తిరిగొచ్చేశారు. ఎందుకొచ్చారో అప్పటికి మాకెవరికీ తెలియదు.

ఆయనకి సహాయంగా యంత్రాలు తెలిసిన తెలుగువాడు కావాలంటే నన్ను పంపారు. గోదాములోకి అడుగుపెడితే గోడ పొడవునా నేలనుంచి పైకప్పు దాకా ఒక పారదర్శకమైన గొట్టం, దాన్నిండా పల్చటి బురద. గొట్టం నడుమ ఒక వాల్వు. పాత లారీలోంచి ఊడదీసిన సీటు, దాని ముందు నాలుగు లివర్లు, కొన్ని బల్బులు, పక్కన ఒక నల్ల టెలిఫోను. మాస్టారు సన్నగా, కాస్త వంగి, ముక్కుమీదికి జారిన కళ్ళద్దాలతో నన్ను ఎగాదిగా చూసి అడిగారు.

"ఏ ఊరు మీది?"

"పుట్టింది ఇక్కడే సార్. రైల్వే కాలనీ. మా నాన్నగారు గార్డు."

"గార్డా? అయితే నీకు శానా కష్టం" అన్నారు. ఎందుకో చెప్పలేదు. సీట్లో కూచోమన్నారు. "ఈ ఎర్రబల్బు ఎలిగిందంటే, పంపు ఆపినా బావిలోంచి బురద పైకి పొంగుతున్నాదని. మత్‌లబ్, కిందనించి గ్యాసు తోస్తున్నాది. ఈ పెద్ద లివరు లాగితే వాల్వు మూసుకుంటాది. సమజ్ అయిందా?"

అయిందన్నాను. కాసేపు ఏవో కబుర్లు చెప్పారు. ఉన్నట్టుండి ఎర్రబల్బు వెలిగింది. నేను గబుక్కున ఫోనెత్తాను.

"ఎవలికి సేస్తున్నావు?"

"మీకే సార్. మూసేయమంటారా అని..."

"నాను సచ్చిపోనాను" అన్నారు ఆయన ప్రశాంతంగా. "నువ్వూ సచ్చిపోనావు. ఫోను దింపు."

ఆ ఫోనుకి వైరే లేదు. మనుషుల్ని పరీక్షించడానికి పెట్టారు దాన్ని. మా ఇంట్లో నాన్న నాకు నేర్పిన మొదటి సుగుణం, పైవాడి మాట లేకుండా ఏదీ కదపకూడదన్నది. సిగ్నల్ పడకుండా బండి కదిలితే ఏమవుతుందో ఆయన అన్నం తింటున్నప్పుడు కూడా చెప్పేవాడు. గార్డు కొడుకునైనందుకు నాకెందుకు కష్టమో అప్పుడర్థమైంది.

ఆ గొట్టంతో ఆయన చెప్పే పాఠం ఇప్పటికీ కళ్ళకి కట్టినట్టుంది. శిక్షణకి వచ్చినవాళ్ళకి హిందీలోనూ ఛత్తీస్‌గఢీలోనూ చెప్పి, అదే మళ్ళీ నాకు తెలుగులో చెప్పేవారు. గొట్టంలో వాల్వు పైభాగం సముద్రం, కిందిభాగం నేలలోని బావి. వాల్వు సముద్రపు అడుగున కూర్చుని ఉంటుంది. బావి నిండా ఉన్న బురద బరువే కింది గ్యాసుని అణిచిపెడుతుంది. గ్యాసు లోపలికి చొరబడితే వాల్వు దగ్గరే దాన్ని ఆపాలి. దాటి పైకి వచ్చిందంటే ఓడకీ దానికీ మధ్య ఇక అడ్డం లేదు. ఆయన కిందనుంచి సైకిల్ పంపుతో గాలి కొట్టేవారు. బుడగ నిమ్మకాయంత మొదలై, పైకి వస్తున్నకొద్దీ ఉబ్బి, చివర్లో భళ్ళున చిమ్మి ముందు వరసవాళ్ళ చొక్కాలన్నీ బురద చేసేది. అందరూ నవ్వేవాళ్ళు. ఆయన నవ్వేవారు కాదు. "ఇక్కడ సొక్కా ఉతుక్కుంటే పోతాది" అని మాత్రం అనేవారు.

మొదటి బృందంలో దుకాలూ అనే అతను ఉండేవాడు. బోరు బండి మీద పుట్టాడా అనిపించేంత పనివాడు. ముప్పై అయిదేళ్ళుంటాయి. లివర్ల మీద అతని చేతులు వెన్నలా కదిలేవి. కానీ బల్బు వెలగ్గానే ఆ చేతులు ఆగిపోయేవి. మెడ తిరిగి మాస్టారి మొహం వెతికేది. ఎన్నిసార్లు చేయించినా అంతే.

"ఎందుకురా నావైపు చూస్తావు?" అని మాస్టారు హిందీలో అడిగితే, అతను తలవంచుకుని, "పహిలీ సాహబ్ లా పూఛే బర్ పరథే, గురూజీ" అన్నాడు. ముందు దొరని అడగాలి కదా అని. పొలంలో ఉన్నప్పుడు మాలిక్‌ని, బోరు బండి మీద సేఠ్‌ని, ఊళ్ళో సర్పంచిని అడుగుతూ పెరిగినవాడు. అడగకుండా చేసిన పనికి చిన్నప్పుడు తిన్న దెబ్బల మచ్చ వీపు మీద ఉందని తర్వాత చూపించాడు.

మాస్టారు లివర్లు పక్కనపెట్టి వేరే పాఠం మొదలెట్టారు. ఆరోజు నుంచి గోదాములో ఎవరూ ఎవర్నీ దేనికీ అడగకూడదు. దాహమేస్తే లేచి వెళ్ళి తాగాలి. ఉక్కపోస్తే ఫ్యాను వేసుకోవాలి. పాఠం విసుగేస్తే బయటికి పోవాలి. "గురూజీ, జావూఁ?" అని, వెళ్ళనా అని అడిగినవాడికి ఆ పూట టీ లేదు. మొదటిరోజు టీ అంతా నేనూ మాస్టారే తాగాల్సి వచ్చింది. దుకాలూ అయితే పాపం, ఉచ్చ పోసుకోడానికి వెళ్ళేటప్పుడు కూడా గుమ్మం దగ్గర నిలబడి వెనక్కి చూసేవాడు. అందరం కేకలేసేవాళ్ళం. అతనూ నవ్వేవాడు. కొన్ని వారాలకి ఒక మధ్యాహ్నం, మాస్టారు మాటల మధ్యలో ఉండగా బల్బు వెలిగింది. దుకాలూ తల తిప్పలేదు. లివరు లాగేసి, చేతులు ఒళ్ళో పెట్టుకుని కూచున్నాడు. గోదామంతా చప్పట్లు. మాస్టారు కళ్ళద్దాలు తీసి తుడుచుకున్నారు. "భయపడకురా. మూసినందుకు నిన్ను ఎవడూ ఏమీ అనడు" అన్నారు అతని భుజం మీద చెయ్యేసి. ఆ మాట ఆయన ప్రతి బృందానికీ చెప్పేవారు.

ఆయనెందుకు సముద్రం వదిలేశారో ఒక ఎండాకాలం చెప్పారు. కరెంటు పోయి, అందరూ బయట వేపచెట్టు కింద పడుకున్నారు. మేమిద్దరం గోదాములో గొట్టానికి పడిన చీలిక అతుకుతున్నాం. నేనే అడిగాను, ఆ ఫోను ఆలోచన ఎలా వచ్చింది మాస్టారూ అని.  ఆయన గొట్టం మీంచి చూపు తిప్పకుండానే మొదలుపెట్టారు.

"జోసెఫ్ అని నా కింద లివర్లు పట్టీ డ్రిల్లర్ ఉండీవోడు. మంచి డ్రిల్లర్. ఓపాలి ఏదో అనుమానం వచ్చి బావి మూసీసినాడు. సూస్తే ఏటీ లేదు. తవ్వీ పైపు బావిలో ఇరుక్కుపోయింది. సగం రోజు పని పోయింది. నాను అందరి ముందరా తిట్టినాను. నన్నడగకుండా ముట్టుకుంటే నీ సెయ్యి విరిసీస్తాను అన్నాను. వారం తిరక్కుండా గ్యాసు నిజంగా వచ్చింది. ఫోను మోగింది. ఎత్తినాను. 'సార్, మూసీయనా?' అన్నాడు. మూసీయరా అన్నాను. అంతే రమణా. అంతే టైము. ఆ టైములో గ్యాసు వాల్వు దాటిపోయింది."

జోసెఫ్ పోయాడు. అతనితో డెక్కు మీదున్న మరికొందరు పోయారు. విచారణ జరిగింది. అతను పద్ధతి ప్రకారం పైవాణ్ణి అడిగాడనీ, పైవాడు వెంటనే సరైన జవాబే ఇచ్చాడనీ రాశారట. "నా తప్పేటీ లేదని కాయితం ఇచ్చినారు. ఆ కాయితం ఇచ్చిన రోజే బండెక్కి వచ్చీసినాను" అన్నారు. అతుకు ఆరేదాకా గొట్టాన్ని రెండు చేతులతో పట్టుకునే ఉన్నారు.  

మొదటి బృందం వెళ్ళింది. తీరంలో పరీక్ష నెగ్గి ఓడెక్కారు. దుకాలూకి తొందరగానే డ్రిల్లర్ సీటు దొరికింది. తన మొదటి జీతంతో పిల్లలకి బూట్లు కొన్నానని మాకు కబురు పంపాడు. మాస్టారు ఆ మాట పదిమందికి చెప్పుకున్నారు. ఏడాది కాలేదు, అతను తిరిగొచ్చేశాడని తెలిసింది. బావిలోంచి తిరిగొచ్చే బురద పడే తొట్టిలో ఎత్తు పెరుగుతోందని చూసి, ఎవర్నీ అడగకుండా మూసేశాడట. గ్యాసు రాలేదు. ఇంకెవరో పక్క తొట్టిలోంచి బురద పంపిస్తూ అతనికి చెప్పడం మరిచిపోయారు. మూసి ఉంచిన కాసేపట్లో పైపు ఇరుక్కుపోయింది. ఓడ ఒక రోజు నిలిచిపోయింది. తర్వాతి హెలికాప్టర్లోనే అతన్ని దింపేశారు.

మేమిద్దరం అతని ఇంటికి వెళ్ళాం. గుఢియారీలోనే, పట్టాల పక్కన ఒక్క గది. దుకాలూ గుమ్మం మీద కూర్చుని ఉన్నాడు. మమ్మల్ని చూసి లేచి మంచం వాల్చాడు. అతని భార్య ఫూల్‌బాయి లోపల పొయ్యి దగ్గరుంది. మాస్టారు మంచం మీద కూర్చునీ కూర్చోకముందే బయటికి వచ్చి నిలబడింది.

"గురూజీ, మీరే కదా ఈయనకి నేర్పింది, అడగొద్దని? బోరు బండి మీద ఇన్నేళ్ళు అందర్నీ అడుగుతూ బతికాడు. ఎవరూ ఇంటికి పంపలేదు. మీ దగ్గర చదువుకున్నాక పంపేశారు. ఇద్దరు పిల్లలు. వాళ్ళని బడి మాన్పించమంటారా? అది కూడా మిమ్మల్ని అడగకుండా చెయ్యమంటారా?"

ఆమె ఛత్తీస్‌గఢీలో అన్న ఆ మాటల్లో కోపంకన్నా నీరసమే ఎక్కువ. దుకాలూ ఆమెని లోపలికి వెళ్ళమన్నాడు. ఆమె వెళ్ళలేదు. అప్పుడతను నెమ్మదిగా అడిగాడు.

"గురూజీ, నేను చేసింది తప్పా?"

"కాదు" అన్నారు మాస్టారు వెంటనే.

"మరి నేను ఇంట్లో ఎందుకున్నాను?"

పట్టాల మీద గూడ్సు బండి వెళ్ళింది.  అది పూర్తిగా పోయాక మాస్టారు లేచి, ఫూల్‌బాయికి దణ్ణం పెట్టారు. ఆమె మొహం తిప్పుకుంది. దారిలో నేను ఆయన్ని ఊరడించబోయాను, కంపెనీదే తప్పు కదా అని. "కంపెనీ తప్పు కంపెనీది. నాను సెప్పిన అబద్ధం నాదే కదా" అన్నారు. నాకు అర్థం కాలేదు. 

మర్నాడు కొత్త బృందానికి మొదటి పాఠం. గొట్టం ముందు నిలబడి ఎప్పటిలాగే అంతా వివరించారు. భుజం మీద చెయ్యేసి చెప్పే ఆ మాట దగ్గరికి వచ్చేసరికి ఆగిపోయారు. గొంతు సవరించుకుని హిందీలో చెప్పారు.

"ఇన్నాళ్ళూ నేను ఇక్కడ ఒక మాట చెప్పేవాణ్ణి, మూస్తే మిమ్మల్ని ఎవరూ ఏమీ అనరని. అది నిజం కాదు. అంటారు. మీరు మూసినప్పుడు లోపల ఏమీ లేకపోతే మిమ్మల్ని దింపేస్తారు. మీ ఇంట్లోవాళ్ళు నన్ను తిడతారు. అయినా మూయాల్సిందే. ఎందుకంటే లోపల ఉందో లేదో మూసేదాకా తెలీదు. ఇది తెలిసి చేసేవాళ్ళే ఉండండి. వెళ్ళేవాళ్ళని నేను తప్పు పట్టను."

 కాసేపటికి వెనక వరసలోంచి ఒకడు లేచాడు. అతని వెనక ఇంకో ఇద్దరు. తర్వాత మరికొందరు. చెప్పులు తొడుక్కుని టాటీబంధ్ వైపు నడిచిపోయారు. మాస్టారు ఒక్కొక్కరి కళ్ళల్లోకి చూస్తూ నిలబడ్డారు. మిగిలినవాళ్ళతో పాఠం మొదలుపెట్టారు.

ఆ సంగతి కంపెనీకి చేరడానికి ఎంతో కాలం పట్టలేదు. మేనేజరు కారులో వచ్చాడు. మర్యాదస్తుడే. కుర్చీలో కూర్చుని, "మాస్టర్‌జీ, మీరు మనుషుల్ని బెదరగొడితే మాకు మనుషులెలా దొరుకుతారు? ఆ మాట మానెయ్యండి. ఇంకొకటి, అనుమానంగా ఉన్నప్పుడు పైవాణ్ణి అడగమని కూడా పాఠంలో కలపండి. రెండూ చేస్తే చాలు. దుకాలూని మళ్ళీ తీసుకోమని నేను ఓడవాళ్ళతో మాట్లాడతాను" అన్నాడు.

దుకాలూ పేరు వినగానే మాస్టారి మొహం మారింది. ఆయన ఒప్పుకుంటారేమో అనుకున్నాను. నిజం చెప్పాలంటే ఒప్పుకుంటే బాగుండుననుకున్నాను. నా ఉద్యోగం కూడా ఆ గోదాములోనే ఉంది. ఆయన గొట్టంకేసి చూసి, "దుకాలూని తీసుకోండి. సరైన పని చేశాడు కాబట్టి తీసుకోండి. నా పాఠం అమ్మి అతని ఉద్యోగం కొనలేను. కొంటే అతనికింద పనిచేసేవాళ్ళు పోతారు" అన్నారు హిందీలో. మేనేజరు ఇంకొంచెం నచ్చజెప్పి వెళ్ళిపోయాడు. ఆ బృందం పూర్తయ్యాక శిక్షణ మూసేశారు. గొట్టాన్ని ముక్కలుగా కోసి తీసేస్తున్నప్పుడు మాస్టారు రాలేదు. ఆ పని నేనే చేశాను.

దుకాలూ మళ్ళీ బోరు బళ్ళ మీదికి వెళ్ళాడు. పిల్లలు బడి మానలేదు. ఫూల్‌బాయి ఇళ్ళల్లో పనికి కుదిరింది. మాస్టారు గుఢియారీ బజార్లో కనబడితే ఆమె పక్క సందులోకి తిరిగేది. ఆయన నాతో చెప్పి నొచ్చుకునేవారు కాదు. "తిరగనీ" అనేవారు. నాకు ఆయనే ఒక పాత స్నేహితుడికి చెప్పి తీరంలో శిక్షణ కేంద్రంలో పని ఇప్పించారు. నేను సముద్రాన్ని మొదటిసారి చూసింది ఆయన మాటమీదే. సెలవుకి వచ్చి అక్కడి యంత్రాల గురించి చెబితే వినేవారు గాని, సముద్రం గురించి ఒక్క ప్రశ్న అడిగేవారు కాదు.

ఒక సెలవులో మాత్రం ఆయనకి చెప్పాల్సిన వార్త ఒకటి తెచ్చాను. ఆరోజు లేచి వెళ్ళకుండా మిగిలినవాళ్ళలో ఒకడు, హేమలాల్ అని, లోతైన సముద్రంలో ఒక ఓడ మీద బావి మూశాడు. ఈసారి లోపల నిజంగానే ఉంది. వాల్వు కిందే దొరికిపోయింది. ఓడ మీద అందరూ క్షేమం. మాస్టారు అప్పటికి మంచం పట్టి ఉన్నారు. ఆయన భార్య పార్వతమ్మగారు దిండు ఎత్తుపెట్టి కూచోబెట్టారు. నేను చెప్పిందంతా కళ్ళు మూసుకుని విన్నారు. సంతోషిస్తారనుకున్నాను.

"ఉజ్జోగం ఉన్నాదా ఆడికి?" అని అడిగారు.

"ఉంది మాస్టారూ. మెచ్చుకున్నారు కూడా."

"ఎవల్నీ అడగలేదు కదా?"

"లేదు. మూశాకే ఫోన్ చేశాడట."

ఆయన కళ్ళు తెరిచి, "దుకాలూ కూడా అదే సేసినాడు" అన్నారు. "ఇద్దరూ ఒకటే పని సేసినారు రమణా. ఒకడికి మెప్పు, ఒకడికి ఇల్లు. ఈ సంగతి సెప్పకుండా మాత్రం పాఠం సెప్పకు." అంతలోనే అలిసిపోయారు. ఛత్తీస్‌గఢ్ కొత్త రాష్ట్రమైన ఏడాదే, చలికాలం మొదట్లో ఆయన పోయారు. పాడె మోసినవాళ్ళలో దుకాలూ ఉన్నాడు. ఫూల్‌బాయి కూడా వచ్చింది. పార్వతమ్మగారి పక్కన కూర్చుని ఆమె చెయ్యి పట్టుకుంది. 

నేనిప్పటికీ ఆ పాఠమే చెబుతున్నాను. మా దగ్గర ఇప్పుడు ఓడని ఓడలా చూపించే యంత్రాలున్నాయి. సైకిల్ పంపులు అక్కర్లేదు. నావల్ల మనుషులు తగ్గిపోతున్నారని పైవాళ్ళు రెండు మూడుసార్లు మందలించారు. ప్రతి కొత్త బృందానికీ మొదటిరోజే దుకాలూ గురించి, హేమలాల్ గురించి చెప్పి, ఉండేవాళ్ళు ఉండండి అంటాను. ఇన్నేళ్ళుగా అంటున్నా ఆ మాట అలవాటు కాలేదు. అనడానికి ముందు రాత్రి సరిగ్గా నిద్రపట్టదు. లేచేవాళ్ళని మాస్టారిలా కళ్ళల్లోకి చూడటం నావల్ల కాదు. వెళ్ళాలనుకున్నవాడు సిగ్గుపడకుండా వెళ్ళాలని, బోర్డువైపు తిరిగి ఉన్నవీ లేనివీ తుడుస్తూ నిలబడతాను. కుర్చీలు జరిగిన చప్పుడు వినిపిస్తుంది. తలుపు తెరుచుకుంటుంది, మూసుకుంటుంది. వెళ్ళినవాళ్ళ గురించి నాకు బెంగ లేదు. వాళ్ళు ఇంటికి చేరతారు. చప్పుళ్ళు ఆగాక ఇటు తిరగడానికే నాకు కొంచెం బలం కావాలి. నా మాట విని ఉండిపోయినవాళ్ళ మొహాలు అక్కడుంటాయి. వాళ్ళలో ఎవరు మెప్పుతో తిరిగొస్తారో, ఎవరు ఉద్యోగం పోగొట్టుకుని తిరిగొస్తారో నాకు తెలియదు. ఒక్కొక్కరినీ పేరడిగి, పాఠం మొదలుపెడతాను.